మూడేళ్లుగా పెరుగుతున్నది గానీ పూయని చిట్టి ఆర్కిడ్: లోపం ఎక్కడ ఉన్నది?

మిద్దెమీద_మొక్క
నా దగ్గర డెండ్రోబియం లిండ్లేయి అనే చిట్టి ఆర్కిడ్ ఉన్నది. నర్సరీల వాళ్లు ఇప్పటికీ దీన్ని అగ్రిగేటమ్ అనే పాత పేరుతోనే అమ్ముతున్నారు. మూడేళ్ల క్రితం మూడు బల్బుల (నీళ్లు దాచుకునే ఉబ్బిన కాడల) ముక్కగా తెచ్చుకున్నాను, ఈ ఉదయం లెక్కపెడితే ఇరవై రెండు బల్బులు ఉన్నాయి. ఒక్కొక్కటి నా బొటనవేలంత ఉంటుంది, నెత్తిన ఒకే ఒక ఆకు. ఆకులు ముదురాకుపచ్చగా, తోలులా దళసరిగా, ఒక్క మచ్చ కూడా లేకుండా ఉన్నాయి. ఇంటికి వచ్చినవారందరూ మొక్కను మెచ్చుకుంటారు గానీ ఈ మూడేళ్లలో ఒక్క పువ్వు కూడా పూయలేదు.

మాది హైదరాబాదులో మూడో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ. ఏడాది పొడవునా రోజూ నీళ్లు చల్లుతాను, వారానికి ఒకసారి నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది ఎరువును పలుచగా కలిపి ఇస్తాను. చలికాలంలో మొక్కకు ఇబ్బంది కలుగుతుందని హాల్లోకి తెచ్చి పెడతాను. దీనితోపాటు తెచ్చిన సోఫ్రోనైటిస్ అనే మరో చిట్టి ఆర్కిడ్ ఏడాది తిరగకుండానే కుళ్లిపోయింది. ఎంతో ఆశతో తెప్పించిన మాస్డెవాలియా అనే ఆర్కిడ్ ఏప్రిల్ నెల దాటలేదు, ఆకులు ఒక్కొక్కటే నల్లబడి రాలిపోయాయి. చిట్టి ఆర్కిడ్లను ఇంట్లో పూయించడం మన ఊళ్లలో అసలు సాధ్యమేనా, లేక నేను చేస్తున్న సేవలోనే లోపం ఉన్నదా అన్నది తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కొబ్బరిపీచు
సాధ్యమే. అయితే నాలుగు సంగతులు చెప్పండి. మొక్కకు నేరుగా ఎండ తగిలేది ఎన్ని గంటలు? చలికాలంలో అది ఉండే చోట రాత్రి ఉష్ణోగ్రత ఎంత? పోసే నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన లవణాల మోతాదు ఎంత? మొక్క కుండీలో ఉన్నదా, చెక్కకు కట్టి ఉన్నదా?

మిద్దెమీద_మొక్క
ఎదురుగా మరో అపార్ట్‌మెంట్ ఉన్నందువల్ల ఎండ ఏడున్నరకు వచ్చి ఎనిమిదిన్నరకు పోతుంది. చలికాలంలో హాల్లో రాత్రిపూట కూడా 22 డిగ్రీలకు తగ్గదు. బోరు నీళ్లు 780 పీపీఎం ఉన్నాయని తెలిసిన తరువాత ఆర్వో నీళ్లే పోస్తున్నాను. మొక్క చిన్న మట్టికుండీలో, స్ఫాగ్నమ్ నాచులో ఉన్నది.

కొబ్బరిపీచు
మీ జవాబు మీ మాటల్లోనే ఉన్నది. ముదురాకుపచ్చ ఆకు అంటే వెలుతురు చాలడం లేదని అర్థం. ఈ జాతికి ఆకు కాస్త పసుపు కలిసిన లేత పచ్చగా ఉండాలి. రెండవది, చలికాలంలో మీరు దాన్ని వెచ్చగా దాచి, నీళ్లు పోసి, ఎరువు వేసి మేల్కొలిపి ఉంచుతున్నారు. దానికి ఆ మూడు నెలలు నిద్ర కావాలి. నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి వరకు ఎరువు పూర్తిగా ఆపి, నీళ్లు దాదాపుగా ఆపి, మొక్కను బయట చలిలో వదిలేయండి.

పాడేరు_కొండగాలి
కొబ్బరిపీచు గారు చెప్పినదాన్ని నేను ప్రతి ఏడూ కళ్లారా చూస్తున్నాను. లిండ్లేయి మా కొండల మొక్క కాదు, దాని ఊరు ఈశాన్య రాష్ట్రాలు, బర్మా, థాయ్‌లాండ్ వైపు. అయితే దానికి దాయాదులైన డెండ్రోబియం అఫిల్లమ్, డెండ్రోబియం హెర్బేసియమ్ మా తూర్పు కనుమల చెట్ల మీద ఉంటాయి. వానాకాలంలో అఫిల్లమ్ కాడలు నిగనిగలాడుతూ కిందికి వేలాడతాయి. నవంబరులో వానలు వెనుదిరగగానే ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. సంక్రాంతి నాటికి చూస్తే ఎండు పుల్లల కట్ట ఒకటి కొమ్మకు వేలాడుతున్నట్టుంటుంది. మొదటిసారి చూసినవారు చచ్చిపోయిందనే అనుకుంటారు. ఆ మూడు నెలలు దానికి దొరికేది తెల్లవారుజామున కురిసే మంచు మాత్రమే, ఆ తడి కూడా ఎనిమిది గంటలకల్లా ఆరిపోతుంది. చెట్టు ఆకు రాల్చినందువల్ల వానాకాలంలో నీడలో ఉన్న మొక్కకు చలికాలంలో నిండా ఎండ తగులుతుంది. చలి, పొడి, ఎండ ఈ మూడూ ఒకేసారి వస్తాయి. ఆ తరువాత ఎండాకాలం మొదట్లో అదే ఎండు పుల్ల మీద లేత గులాబీ రంగు పూలు కణుపు కణుపుకూ విచ్చుకుంటాయి.

మిద్దెమీద_మొక్క గారు మొక్క మీద ప్రేమతో ఆ మూడింటినీ దానికి దూరం చేశారు. హాల్లో చలి లేదు, నాచులో పొడి లేదు, ఎదురింటి నీడలో ఎండ లేదు.

బెంగళూరు_బాల్కనీ
నీళ్లు ఆపాలన్న మాటతో నేను ఏకీభవించలేను. నా లిండ్లేయికి డిసెంబరులో కూడా రోజు విడిచి రోజు నీళ్లు పోస్తాను, వరుసగా నాలుగేళ్లుగా మార్చిలో పూస్తోంది. చలి, వెలుతురు ఉంటే చాలు, మొక్కను ఎండగట్టి హింసించనవసరం లేదు.

కొబ్బరిపీచు
మీ మొక్క దేనిలో ఉన్నదో చెప్పండి.

బెంగళూరు_బాల్కనీ
సపోటా చెట్టు కొమ్మ ముక్కకు కట్టాను. నాచు గానీ పీచు గానీ ఏమీ లేదు, వేళ్లన్నీ చెక్కను పట్టుకుని బయటే ఉన్నాయి. పడమటి ఎండ మూడు గంటలు తగులుతుంది.

కొబ్బరిపీచు
అయితే మనిద్దరం చెబుతున్నది ఒకటే. మీరు పోసిన నీళ్లు అరగంటలో ఆరిపోతాయి, పాడేరు గారు చెప్పిన మంచు తడి కూడా అంతే. మిద్దెమీద_మొక్క గారు నాచు మీద చల్లిన నీళ్లు నాలుగు రోజులు నిలుస్తాయి. ఎన్నిసార్లు పోశామన్నది కాకుండా వేళ్లు ఎన్ని గంటలు తడిగా ఉన్నాయన్నది లెక్క వేసుకోవాలి.

బెంగళూరు_బాల్కనీ
ఆ కోణంలో నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే బల్బులు పూర్తిగా ముడుచుకుపోయేదాకా ఎండగట్టమని కొత్తవారికి చెప్పడం మాత్రం ప్రమాదమే. మా స్నేహితురాలు అలా విని రెండున్నర నెలలు చుక్క నీరు పోయలేదు. చిన్న మొక్క కావడంతో తట్టుకోలేకపోయింది.

వృక్షశాస్త్రం_మాస్టారు
డిగ్రీ కళాశాలలో ముప్ఫై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి రెండు విషయాలు చేర్చాలనిపించింది.

మొదటిది వేరు గురించి. ఆర్కిడ్ వేరును భూతద్దంతో చూడండి. పొడిగా ఉన్నప్పుడు వెండిలాంటి తెలుపు, నీళ్లు తగిలిన కొద్ది క్షణాల్లోనే ఆకుపచ్చ. ఆ తెల్లని పొరను వెలామెన్ అంటారు. అది చచ్చిన కణాలతో అల్లిన స్పాంజి వంటిది. నీటిని చటుక్కున పీల్చుకుంటుంది, ఎండినప్పుడు అందులో గాలి నిండుతుంది. తడి ఎంత అవసరమో ఆ గాలి కూడా అంతే అవసరం. రోజుల తరబడి తడిసి ఉన్న వెలామెన్ ఊపిరాడక గోధుమరంగుకు మారి, వేలితో నొక్కితే తొక్కలా ఊడి వస్తుంది, లోపల దారంలాంటి నడిమి తీగ మాత్రం మిగులుతుంది. సోఫ్రోనైటిస్ కుళ్లిపోయిందన్న అమ్మాయి మొక్కను పారేసేముందు అలాంటి వేళ్లనే చూసి ఉంటుంది.

రెండవది రాత్రి చలి గురించి. దళసరి ఆకులున్న ఆర్కిడ్లలో చాలావరకు పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. చెట్టు కొమ్మ మీద నీటికి కరువు కాబట్టి అవి నేర్చుకున్న పొదుపు ఇది. రాత్రి గాలి వేడిగా, పొడిగా ఉంటే ఆ రంధ్రాలు సరిగా తెరుచుకోవు. అందుకే పగటి ఉష్ణోగ్రతకన్నా రాత్రి ఉష్ణోగ్రత చూసి మొక్కను ఎంచుకోవాలని నేను విద్యార్థులకు చెప్పేవాణ్ణి. పగలు 36 ఉన్నా రాత్రి 24కి దిగే చోట బతికే మొక్క, పగలు 33 ఉండి రాత్రి 29 దగ్గరే నిలిచిపోయే చోట నీరసించిపోతుంది.

ఈ మొక్కకు మన నేలతో ఒక బంధం కూడా ఉన్నది. అగ్రిగేటమ్ అన్న పాత పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త. 1793లో కలకత్తా వృక్షోద్యానవనానికి వెళ్లకముందు ఆయన ఏళ్ల తరబడి మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించాడు. ఆయన చనిపోయిన తరువాత, 1832లో, ఈ పేరు అచ్చయింది. అయితే అప్పటికే మరో మొక్కకు అదే పేరు ఉన్నందువల్ల అది చెల్లలేదు. ఆ తరువాతనే లిండ్లే అనే శాస్త్రవేత్త పేరు మీద లిండ్లేయి అయింది.

కాకినాడ_సముద్రగాలి
మాస్టారూ, సామర్లకోట మాకు పక్క ఊరే. ఈ సంగతి ఇన్నాళ్లూ తెలియదు, చాలా సంతోషం కలిగింది.

మీరు రాత్రి ఉష్ణోగ్రత గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా ఊళ్లో గాలిలో తేమకు కొదవ లేదు, చలికి మాత్రం కరువే. డిసెంబరు, జనవరి రాత్రులు కూడా 18, 19 దగ్గర ఆగిపోతాయి. లిండ్లేయి నా దగ్గర ఆరేళ్లుగా ఉన్నది, ఒక్కసారి మాత్రం ఐదు పూలతో సరిపెట్టింది. దాని మీద పట్టుదల వదిలేసి మా వాతావరణానికి తగినవి తెచ్చుకున్నాను. మిద్దెమీద_మొక్క గారూ, మీ దగ్గర కుళ్లిపోయిన సోఫ్రోనైటిస్ ఏ జాతి? సెర్నువా అయితే అది బ్రెజిల్ తీరప్రాంతాల వేడికి అలవాటు పడినది, నా దగ్గర తాటిబోదె ముక్క మీద ఏటా పూస్తుంది. కొక్సీనియా అయితే అది చల్లని కొండల మొక్క, మనకు కష్టం. ఇప్పుడు రెండింటినీ కాట్లియా కిందికి మార్చారు గానీ అమ్మేవారు పాత పేర్లే వాడుతున్నారు.

మిద్దెమీద_మొక్క
సెర్నువాయే. మాస్టారు వర్ణించిన వేళ్లను నేను అచ్చంగా అలాగే చూశాను, దారం మాత్రమే మిగిలింది. దాన్ని కొబ్బరిపొట్టులో వేశాను, తప్పు అక్కడేనా?

కొబ్బరిపీచు
నా పేరే కొబ్బరిపీచు కాబట్టి ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. కొబ్బరిపొట్టు చిట్టి ఆర్కిడ్లకు పనికిరాదు. అది మెత్తగా అణిగిపోయి గాలిని ఆపేస్తుంది. కొబ్బరి డొక్క ముక్కలు పనికివస్తాయి, అయితే వాటిలో ఉప్పు ఉంటుంది. సెంటీమీటరు ముక్కలుగా కోసి బకెట్టు నీళ్లలో నానబెడితే మరునాటికి నీళ్లు చిక్కని టీ డికాక్షన్ రంగులోకి వస్తాయి. మీటరు పెట్టి చూస్తే నేను మొదట పోసిన 40 పీపీఎం వాననీళ్లు మొదటి రోజు 900 దాటాయి. నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టాను, రెండో రోజు 400, మూడో రోజు 210. ఆరో రోజుకు గానీ 80కి దిగలేదు. నీళ్లలో రంగు పోయిందని మూడో రోజే ఆపేసేవారు చాలామంది ఉంటారు. చిట్టి మొక్కల వేరు కొన ఆవగింజంత ఉంటుంది, ఆ ఉప్పుకు అది నల్లగా మాడిపోతుంది.

మరొక మాట. ఉత్త ఆర్వో నీళ్లే ఏళ్ల తరబడి పోస్తే మొక్కకు సున్నం అందదు. నేను నాలుగు వంతుల ఆర్వో నీళ్లకు ఒక వంతు బోరు నీళ్లు కలుపుతాను, మొత్తం 150 పీపీఎం దాటకుండా చూసుకుంటాను.

ఎర్రనల్లి_వేటగాడు
ఏసీ నుంచి కారే నీళ్లు వాడవచ్చునా? మా ఇంట్లో ఎండాకాలంలో రోజుకు ఒక బకెట్టు వస్తుంది.

వృక్షశాస్త్రం_మాస్టారు
అది గాలిలోని తేమ చల్లబడి ఏర్పడిన నీరే కాబట్టి లవణాలు దాదాపుగా ఉండవు. కాకపోతే లోపలి రేకుల మీది దుమ్ము, బూజు దానితో కొట్టుకొస్తాయి. ఏసీ శుభ్రం చేయించిన తరువాత కొత్తగా పట్టిన నీళ్లు అయితే వాడవచ్చును, రోజుల తరబడి నిలవ ఉంచినవి మాత్రం వద్దు.

న్యూజెర్సీ_నేలమాళిగ
మాస్డెవాలియా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇక్కడ మా ఇంటి బేస్‌మెంట్‌లో దీపాల కింద పదిహేను రకాల మాస్డెవాలియాలు, వాటికి దాయాదులైన డ్రాక్యులా ఆర్కిడ్లు కొన్ని పెంచుతున్నాను. చలికాలంలో అక్కడ రాత్రి 13 డిగ్రీలు ఉంటుంది, ఆ చలి నాకు ఉచితంగా దొరుకుతుంది. ఎండాకాలంలో అదే చలి కోసం ఏసీ వేయాలి, నెలనెలా కరెంటు బిల్లు చూసి ఇంట్లో చర్చ జరుగుతుంది. ఆ మొక్కల్లో చాలా జాతులు ఆండీస్ పర్వతాల్లో, 2000 మీటర్లకు పైన, మధ్యాహ్నం కూడా మేఘం కమ్మి ఉండే అడవుల్లో పుట్టినవి. వాటికి నీళ్లు దాచుకునే బల్బు కూడా ఉండదు. హైదరాబాదు ఏప్రిల్‌లో అది పోవడం మీ సేవాలోపం ఎంతమాత్రం కాదు, ఆ మొక్కను మీకు అమ్మినవారు చెప్పవలసిన మాట చెప్పలేదు.

మిర్యాలగూడలో మా అమ్మ బాల్కనీ కోసం నేను ఎంచి పెట్టిన చిట్టి జాతులు రెండు ఉన్నాయి. ఒకటి తైవాన్ నుంచి వచ్చిన హరాయెల్లా, ఇప్పటి పేరు గాస్ట్రోకైలస్ రెట్రోకాల్లస్. మొక్క మొత్తం అగ్గిపెట్టె మీద పడుతుంది, పువ్వు మాత్రం రూపాయి బిళ్లలో మూడొంతులు ఉంటుంది. పసుపు రేకుల నడుమ ముదురు ఎరుపు మచ్చతో పురుగు వాలినట్టు కనిపిస్తుంది. దానికి నేరుగా ఎండ అక్కరలేదు, వంటింటి కిటికీ చాలు. రెండవది స్కోనార్కిస్ ఫ్రాగ్రన్స్.

ఎర్రనల్లి_వేటగాడు
స్కోనార్కిస్ నా దగ్గర పూసింది. ఆ పువ్వును వర్ణించకుండా ఉండలేను. మొక్క అరచేతిలో సగం కూడా లేదు. ఆకులు రెండు వరుసల్లో జడ అల్లినట్టు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి సందుల నుంచి చిన్న గుత్తి వచ్చింది. ఒక్కో పువ్వు అర సెంటీమీటరు దాటదు, తెలుపు మీద లేత ఊదా రంగు. నగల దుకాణంలో వాడే భూతద్దం తెచ్చి చూస్తే రేకులు మంచు పలుకులు అద్దినట్టు మెరుస్తున్నాయి, పెదవి వెనుక తేనెసంచి గుండ్రంగా బియ్యపుగింజంత కూడా లేదు. ఇంట్లో వాళ్లందరినీ పిలిచి ఒకరి తరువాత ఒకరికి భూతద్దం ఇచ్చి చూపించాను.

వానాకాలంలో మాత్రం జాగ్రత్త. పెసరగింజంత నత్తలు రాత్రిపూట వచ్చి వేరు కొనలను, పూమొగ్గలను కొరికేస్తాయి. పగలు కనిపించవు. కీరదోస ముక్కను సాయంత్రం మొక్క పక్కన పెట్టి, రాత్రి పది గంటలకు టార్చి వేసి చూడండి, ముక్క కిందికి చేరి ఉంటాయి. ఏరి పారేయాలి. పిండినల్లికి దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి అద్దితే చాలు, ఆకు మొదట్లో దాక్కునేవాటిని వదలకూడదు.

గోదారి_గట్టు
ఇన్ని తంటాలు దేనికని అడుగుతున్నాను. మేము అరకు వెళ్లినప్పుడు రోడ్డు పక్క చెట్ల మీద ఇలాంటివి బోలెడు కనిపించాయి. ఒక ముక్క తెచ్చి పెరటి మామిడికి కడితే సరిపోతుంది కదా. నర్సరీలకు వందల రూపాయలు పోయడం కన్నా అది మేలు.

పాడేరు_కొండగాలి
దయచేసి ఆ పని చేయవద్దు. మీకు బోలెడు కనిపించినవి మాకు ఏటేటా తగ్గుతున్నాయి. నా చిన్నప్పుడు మా ఊరి దారిలో నక్కతోక పూల గుత్తులు, అదే రింకోస్టైలిస్ రెటూసా, మోకాలెత్తు కొమ్మల మీద కూడా ఉండేవి. ఇప్పుడు నిచ్చెనకు అందని కొమ్మల మీదే మిగిలాయి, ఎందుకంటే అందినవన్నీ సంచుల్లో ఊళ్లకు వెళ్లిపోయాయి. అలా తీసుకువెళ్లినవాటిలో ఎన్ని బతికాయో ఎవరూ చెప్పరు. చెక్కను పట్టుకున్న వేళ్లను పీకితే ముక్కలైపోతాయి, అవి మళ్లీ అతుక్కోవు. రిజర్వు అడవిలోంచి మొక్క పీకడం చట్టరీత్యా కూడా నేరమే.

వృక్షశాస్త్రం_మాస్టారు
కొండగాలి గారి బాధ న్యాయమైనది. ఒక మొక్కను పీకడం ఎందుకంత పెద్ద విషయమో చెబుతాను. ఆర్కిడ్ కాయలో లక్షల విత్తనాలుంటాయి, కానీ అవి ధూళి వంటివి, వాటిలో మొలకకు తిండి ఏమీ ఉండదు. సరైన బూజు జాతి ఒకటి విత్తనాన్ని చేరి దానికి తిండి అందిస్తేనే అది మొలుస్తుంది. 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టాడు. లక్షల్లో ఒకటో రెండో మొలిచి, ఏళ్లకు గానీ పూత దశకు రాని మొక్క అది. 1922లో లూయిస్ నడ్సన్ అనే మరో శాస్త్రవేత్త బూజు అవసరం లేకుండా పంచదార కలిపిన మాధ్యమం మీద మొలిపించే పద్ధతి చూపించాడు. ఆ పద్ధతి వల్లనే ప్రయోగశాలలో సీసాల్లో వేల మొక్కలు తయారవుతున్నాయి. సీసా మొక్కలు దొరుకుతున్న రోజుల్లో అడవి మొక్కను పీకవలసిన అవసరం లేదు. సిక్కింలోని పాక్యాంగ్‌లో 1996 నుంచి ఆర్కిడ్ల మీద జాతీయ పరిశోధన కేంద్రం కూడా పనిచేస్తున్నది.

గోదారి_గట్టు
ఇంత కథ ఉన్నదని నిజంగా తెలియదు. అడవి నుంచి మొక్క తేను. అయితే గాలివానకు పడిపోయిన కొమ్మ మీద ఉన్నదాన్ని కూడా ముట్టుకోకూడదా?

పాడేరు_కొండగాలి
2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరుసలు వరుసలుగా పడిపోయాయి. వాటి మీది ఆర్కిడ్లు నేల మీద పడి కుళ్లుతుంటే నేను, మా తమ్ముడు వారం రోజులు కొబ్బరితాడుతో నిలబడ్డ చెట్లకు కట్టాము. బెరడు ముక్కతో సహా కోసి కట్టినవి బతికాయి, పీకి కట్టినవి చాలావరకు పోయాయి. కాబట్టి నా మాట ఏమిటంటే, మీ సొంత తోటలో పడిన కొమ్మ అయితే పక్క చెట్టుకే కట్టండి. దాన్ని ఊరు దాటించవద్దు.

కాకినాడ_సముద్రగాలి
మామిడికి కట్టడం గురించి ఒక ప్రశ్న. మా అమ్మమ్మ చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అంటుంది, అది చెట్టు రసం పీల్చేస్తుందని నా మొక్కలను పెరటి చెట్టుకు కట్టనివ్వడం లేదు.

వృక్షశాస్త్రం_మాస్టారు
అమ్మమ్మగారి భయానికి కారణం ఉన్నది. మామిడి మీద ఎర్రని గొట్టాల్లాంటి పూలు పూసే అసలు బదనిక నిజంగానే కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. మన ఊళ్లలో వాండాను కూడా అదే పేరుతో పిలుస్తారు గనుక రెండూ ఒకటే అనుకుంటారు. ఆర్కిడ్ కొమ్మ మీద కూర్చుంటుందే గానీ లోపలికి వేరు దించదు. ఒక వేరును మెల్లగా లేపి బెరడు మీద గాటు కూడా లేదని ఆమెకు చూపించండి.

మిద్దెమీద_మొక్క
ఇవన్నీ చదివి నిన్న పని మొదలుపెట్టాను. నాచు తీసేసి, కుండీలోనే పెద్ద బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు వేశాను. వేళ్లను కదపకుండా వాటి నడుమ నిలబెట్టాను. ఎదురింటి నీడ పడని బాల్కనీ చివర గ్రిల్లుకు వేలాడదీశాను, అక్కడ ఎండ పదకొండు వరకు ఉంటుంది. ఎరువు డబ్బా అటక మీద పెట్టేశాను. మా అత్తగారు మాత్రం పసిబిడ్డను చలిలో పడుకోబెట్టినట్టుందని కోప్పడుతున్నారు. ఫలితం ఏదైనా ఇక్కడే రాస్తాను.

కొబ్బరిపీచు
పది రోజులకు ఒకసారి ఉదయం పూట పైపైన నీళ్లు చల్లండి. బల్బు మీద నిలువు గీతలు పడితే కంగారు పడవద్దు. ఆకు మడత పడి వేలాడితే మాత్రం ఆలస్యం చేయకుండా నీళ్లు పోయండి.

మిద్దెమీద_మొక్క
జనవరి 20. రాత్రి 13 డిగ్రీల దాకా దిగింది. బల్బులు ఎండుద్రాక్షలా ముడతలు పడ్డాయి, ఆకులు లేత పచ్చకు వచ్చాయి, అంచుల్లో కాస్త ఎరుపు కూడా కనిపిస్తోంది. రెండు పాత ఆకులు రాలాయి. నీళ్లు పోయాలని చేయి లాగుతున్నది, మీ మాట మీద నమ్మకంతో ఆగుతున్నాను.

బెంగళూరు_బాల్కనీ
ఆ ఎరుపు మంచి గుర్తే, వెలుతురు చాలినంత అందుతోందని చెబుతుంది. వారానికి ఒకసారి చల్లినా తప్పు లేదు, హైదరాబాదులో గాలి మా ఊరికన్నా పొడి.

మిద్దెమీద_మొక్క
ఫిబ్రవరి 17. ఒక బల్బు పై కణుపు దగ్గర ఆవగింజంత పచ్చని బుడిపె కనిపించింది. వేరో, పూలకాడో ఎలా తెలుస్తుంది?

కాకినాడ_సముద్రగాలి
వేరు కొన నున్నగా మొద్దుగా ఉంటుంది, బల్బు అడుగు నుంచి వస్తుంది. పై కణుపు నుంచి వచ్చి, పొలుసు కప్పుకుని మొన తేలి ఉంటే అది పూలకాడే.

మిద్దెమీద_మొక్క
మార్చి 12. పూసింది. మూడు కాడలు వచ్చాయి, ఒకటి మధ్యలో ఎండిపోయింది, మిగిలిన రెండూ గొలుసుల్లా కిందికి వేలాడుతున్నాయి. ఒకదానికి పదకొండు పూలు, మరొకదానికి ఎనిమిది. విచ్చుకున్న రోజు లేత నిమ్మపండు రంగులో ఉన్నాయి, మూడో రోజుకు ముదిరి గుడ్డులోని పచ్చసొన రంగుకు వచ్చాయి. పెదవి గొంతు దగ్గర నారింజ మచ్చ, దాని మీద సన్నని నూగు. తెల్లవారి వాసన లేదు, తొమ్మిది గంటలకు ఎండ పడ్డాక తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టు బాల్కనీ అంతా వాసన వచ్చింది. మా అత్తగారు కుర్చీ తెచ్చి గ్రిల్లు పక్కనే వేసుకుని జపమాల అక్కడే తిప్పుతున్నారు. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఒక కాడ ఎందుకు ఎండిందో చెప్పగలరా?

కొబ్బరిపీచు
చదువుతుంటే నా మొక్కే పూసినంత సంతోషంగా ఉన్నది. బుడిపె కనిపించగానే నీళ్లు నిండుగా పోశారా?

మిద్దెమీద_మొక్క
పోశాను. ఆగలేక ఆ సాయంత్రమే కుండీ తడిసిపోయేలా పోశాను.

కొబ్బరిపీచు
అందువల్లే కావచ్చును. కాడ రెండు, మూడు సెంటీమీటర్లు సాగేదాకా అదే పొడిలో ఉంచి, ఆ తరువాత నీళ్లు కొంచెం కొంచెంగా పెంచాలి. ఒక్కసారిగా తడిపితే ఆ బుడిపె పూలకాడ కాకుండా పిలకగా మారడం కూడా నేను చూశాను.

వృక్షశాస్త్రం_మాస్టారు
నీటి వల్ల కాకుండా మొక్క తన శక్తికి మించిన కాడను వదులుకుని ఉండవచ్చునని కూడా నా అనుమానం. తొలి పూత కదా. వచ్చే ఏడు గమనించండి.

మిద్దెమీద_మొక్క
పూలు తొమ్మిదో రోజున వాడాయి. అడుగున కొత్త మొలకలు నాలుగు కనిపిస్తున్నాయి. ఏప్రిల్ ఎండకు గ్రిల్లు దగ్గరే ఉంచవచ్చునా?

పాడేరు_కొండగాలి
అడవిలో ఈపాటికి చెట్లు చిగురించి నీడ వచ్చేస్తుంది. మీరూ 50 శాతం షేడ్‌నెట్ కట్టండి, మే నెలలో దాన్ని రెండు పొరలు చేయండి.

కొబ్బరిపీచు
సాయంత్రం బాల్కనీ గోడ, నేల తడపండి, రాత్రి గాలి రెండు డిగ్రీలైనా చల్లబడుతుంది. కొత్త మొలకకు వేళ్లు అంగుళం పొడవు వచ్చాక అటక మీది ఎరువు డబ్బా దించండి, లీటరుకు పావు గ్రాము చాలు. మొలక గొట్టంలో నీళ్లు నిలవనివ్వవద్దు, కుండీని కొంచెం పక్కకు వంచి వేలాడదీస్తే జారిపోతాయి.